పాముచెవులాయన విన్న చోటు

ఆ కాలనీలో నీళ్లు వదిలే మనిషికి పాముచెవులాయన అని పేరు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్లు ఊరికే మాత్రం పెట్టలేదు. నేల కింద ఏ మూల పైపుకి చిల్లు పడ్డా, పైన తడి చుక్క కూడా కనిపించకపోయినా, ఆయన పసిగట్టేసేవాడు. దానికి ఆయన దగ్గర పెద్ద యంత్రాలేం లేవు. మనిషెత్తు ఇనుప కడ్డీ ఒకటి, దాని తల మీద గిన్నెలా తొలిచిన చెక్క గుండీ ఒకటి. కడ్డీ కొస నేలకి ఆనించి, గుండీకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. మంచి పైపులో నీళ్లు పారితే ఒకరకం చప్పుడట, చిల్లులోంచి చిమ్మితే ఇంకోరకం చప్పుడట. మనకేం తెలుసు! ఆయన కళ్లు తెరిచి, మడమతో నేల మీద గీత గీసి, "ఇక్కడ తవ్వండి" అనేవాడు. తవ్వితే అక్కడే ఉండేది.

ఒకసారి బేకరీలో, అదీ భగభగ మండే పొయ్యి పక్కన గీత గీశాడు. "పొయ్యి కింద నీళ్లేంటయ్యా, నీకేమైనా మతి పోయిందా?" అని బేకరీ ఆయన నానా గొడవ చేశాడు. తీరా గడ్డపార దిగగానే నీళ్లు ఎగిరి బేకరీ ఆయన ముఖాన కొట్టాయి. ఆ నీళ్లు మొదట్లో మోకాలెత్తే లేచాయి. కథ నోటినోటికీ మారినకొద్దీ లేచి లేచి ఇప్పుడు పైకప్పు తాకుతున్నాయి. ఆయన ఏనాడూ కాదనలేదు. పొగడ్త చేదుగా ఉంటుందా ఎవరికైనా?

కాలనీలో పెద్దా చిన్నా అందరూ ఆయన్ని పాముచెవులాయన అనే అనేవాళ్లు, ముఖాముఖి అయితే పెద్దాయనా అనేవాళ్లు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మాత్రం తెలియక "ఓ నీళ్లాయనా" అని కేకేసేవాళ్లు. అన్నా అని నోరారా పిలిచే మనిషి ఒక్కతే ఉంది. కింది వీధి చివర బట్టలు ఇస్త్రీ చేసే ఆమె.

తోడబుట్టింది కాదు, చుట్టరికమూ లేదు. ఆమె భర్త పోయిన కొత్తలో, ఇంటి ముందు గోడ ఉన్నట్టుండి పగుళ్లిచ్చి ఒరిగిపోసాగింది. పునాది కింద మట్టిని నీళ్లు తోడేస్తున్నాయని ఆయనే విని చెప్పాడు, ఆయనే తవ్వాడు, పైపు చుట్టూ ఇనుప పట్టీ వేసి తన చేత్తోనే బిగించాడు. దాన్నే క్లాంపు అంటారు. గోడ నిలబడింది. "తోడబుట్టినవాడున్నా ఇంత చేసేవాడు కాదు" అని ఆమె ఆ రోజు ఏడ్చింది. ఆ రోజు నుంచి ఆయన అన్న అయిపోయాడు. ఆయన చొక్కా మడత నలగకుండా ఆమె చేతుల మీదుగానే రావాలి. ఎవరైనా తొందర పెడితే "ఆగండమ్మా, మా అన్న చొక్కా అయ్యాకే మీది" అనేది, వీధంతా వినపడేలా.

ఇదంతా ఒకప్పటి సంగతి. కాలనీకి తెలియనిది, ఇంట్లో పెళ్లానికి మాత్రమే తెలిసినది ఒకటుంది. పాముచెవులాయనకి చెవుడు.

ఆ చెవుల్ని మోటారు గది తినేసింది. రేకుల కప్పు కింద, ఇరుకు గోడల మధ్య, పాత మోటారు పక్కన ఏళ్లకేళ్లు కూర్చున్నాడు. ముందు పిట్టల కూతలు పోయాయి. తర్వాత పొయ్యి మీద పాలు పొంగే చప్పుడు పోయింది. ఆ తర్వాత మనుషుల మాటలు పోయాయి, వెనకనుంచి పిలిచేవి ముందు, ఎదుట నిలబడి చెప్పేవి తర్వాత. చివరికి మిగిలింది చెవుల్లో ఆగకుండా మోగే సన్నటి ఈల ఒక్కటే. పడుకున్నా అదే, లేచినా అదే.

మరి చెప్పొచ్చు కదా? చెప్పలేదు. చెవుల పేరు మీద బతికే మనిషి చెవులు పోయాయని ఏ నోటితో చెబుతాడు? పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడు. పట్టు దొరక్కపోతే "అంటే?" అనేవాడు, అవతలివాళ్లే మళ్లీ విడమరిచి చెప్పేవాళ్లు. నలుగురూ నవ్వితే ఒక్క క్షణం ఆలస్యంగా తనూ నవ్వేవాడు. ఫోను మోగితే భార్య ఎత్తి "పనిలో ఉన్నారండీ, నాతో చెప్పండి" అనేది. వెనకనుంచి పిలిచినప్పుడు పలక్కపోతే "ఆయన ధ్యాసంతా నేల కిందే ఉంటుంది" అని కాలనీ తనకు తానే సర్ది చెప్పుకునేది. గొప్పవాడని పేరొస్తే అదీ సుఖం, లోపం కూడా గొప్పగానే కనిపిస్తుంది.

ఇక చిల్లుల సంగతంటారా, వాటిని కళ్లతో పట్టేవాడు. ఎక్కడో మట్టి కొంచెం నల్లబడుతుంది. ఎండలో కూడా రెండు గడ్డిపోచలు పచ్చగా నిలబడతాయి. చీమలు పుట్ట మార్చుకుంటాయి. ఉదయం వాల్వులు తిప్పుతూ తిరిగేటప్పుడే చూసి మనసులో పెట్టుకునేవాడు. జనం పోగయ్యాక కడ్డీ ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపు ఊపిరి బిగబట్టి, ముందే చూసిపెట్టుకున్న చోట గీత గీసేవాడు. పని జరుగుతోంది కదా, కంటితో అయితేనేం చెవితో అయితేనేం అని తనకు తాను చెప్పుకునేవాడు. భార్యతో కూడా అలాగే అన్నాడు. "నాకెందుకు చెబుతావయ్యా, నీ మనసుకి చెప్పుకో" అని ఆమె గిన్నెలు తోముకుంది.

అలా గడిచిపోయేదే. కానీ వాన ముఖం చాటేసింది. ఆ ముందేడు అరకొరగా కురిసింది, ఆ ఏడు అసలు ఊసే లేదు. బోరు మోటారు వేస్తే నీళ్లకంటే గాలే ఎక్కువ వచ్చేది. ట్యాంకు నిండటం గగనమైపోయింది. పై వీధికి ఒకరోజు, మధ్య వీధికి ఒకరోజు, కింది వీధికి ఒకరోజు అని వంతులు పెట్టారు. కాలనీ సంఘానికి ప్రెసిడెంటు మధ్య వీధి టైలరు. మెడలో కొలత టేపు తీయకుండానే మీటింగులు పెట్టేవాడు, ఎవరైనా అరిస్తే ఆ టేపు లాగి లాగి కోపం అణుచుకునేవాడు.

వంతుల విషయంలో పాముచెవులాయన నిప్పు. తన ఇంటికి కూడా ఒక్క చుక్క ఎక్కువ వదిలేవాడు కాదు. బేకరీ ఆయన మొహమాటం పెట్టినా, టైలరు మరదలు బతిమాలినా వాల్వు తాళం జేబులోంచి బయటికి వచ్చేది కాదు. అది మాత్రం ఒప్పుకోవాలి.

అలాంటి రోజుల్లో ట్యాంకు దొంగ దెబ్బ తీసింది. సాయంత్రం వంతు ముగించి వెళితే, పొద్దున్నకి నీటి మట్టం గోడ మీద గీత కిందికి దిగిపోయి ఉంటోంది. ఎవరూ వాడలేదు, ఎక్కడికి పోయాయి? ఒకరోజు కాదు, రోజూ అంతే. కింది వీధి వంతు వచ్చేసరికి ట్యాంకులో బురద మిగులుతోంది. బిందెలు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు టైలర్ని పట్టుకుని దులిపేశారు. టైలరు పాముచెవులాయన దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దాయనా, ఎక్కడో పెద్ద చిల్లు పడింది. ఇక నువ్వే దిక్కు. రేపు పొద్దున్నే కడ్డీ తీసుకుని రా, జనాన్నంతా నోరు మూయించి నిలబెడతాను."

పాముచెవులాయన తల ఊపాడు. కానీ రెండు రోజులుగా ఆయన కాలనీ అంతా కళ్లతో గాలిస్తూనే ఉన్నాడు. నేల బీటలు వారి నోరు తెరుచుకుని ఉంది. ఎన్ని నీళ్లు కారినా పైకి రానివ్వకుండా తాగేస్తోంది. నల్లబడ్డ మట్టి లేదు, పచ్చ గడ్డి లేదు, చీమలు కూడా ఎటో వలస పోయాయి. కళ్లకి పని లేకుండా పోయింది. ఇక వినాల్సిందే.

మర్నాడు జనం వీధుల్లోకి వచ్చేశారు. అబ్బో, ఆ నిశ్శబ్దం! బళ్లు ఆపేశారు, టీవీలు కట్టేశారు, పసిపిల్లల్ని చంకనేసుకుని లోపలికి తీసుకుపోయారు. బేకరీ ఆయన తన కుక్క మూతి రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఇంత మంది తన కోసం ఊపిరి బిగబట్టి నిలబడితే పాముచెవులాయన గుండీకి చెవి ఆనించాడు. ఈల వినిపించింది. పై వీధిలో ఈల, మధ్య వీధిలో అదే ఈల. ప్రతి చోటా కాసేపు నిలబడి, పెదవి విరిచి, ముందుకు నడిచాడు. జనం వెనకే నడిచారు. వీధులు అయిపోతున్నాయి, ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు.

కింది వీధి చివరికి వచ్చేసరికి ఇస్త్రీ ఆమె గుమ్మం ముందు మట్టి కొంచెం తడిగా కనిపించింది.

అది ఏ తడో ఆయనకు తెలియదా? బట్టల మీద నీళ్లు చిలకరించేటప్పుడు నాలుగు చుక్కలు గడప దాటి పడతాయి. రోజూ చూసేదే. అయినా మునిగేవాడికి ఆ తడే కనిపించింది. పైగా పెద్ద పైపు ఆమె ముందు గది కిందనుంచే పోతుంది. కొన్నేళ్ల కింద ఆమె సంఘం అనుమతితోనే ఆ ఖాళీ జాగా కలుపుకుని గది వేసుకుంది. ఈమధ్యే, ఎన్నో ఏళ్ల రెక్కల కష్టంతో, ఆ గదికి నున్నటి పలకలు పరిపించుకుంది. చెప్పులతో ఎవరినీ అడుగు పెట్టనిచ్చేది కాదు.

పాముచెవులాయన లోపలికెళ్లి, కడ్డీ ఆ పలకల మీద ఆనించి, కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు మూసుకున్నాడు. తెరిచి, "ఇక్కడ" అన్నాడు.

ఇస్త్రీ ఆమె పలకల వంక ఒకసారి చూసుకుంది, ఆయన ముఖం వంక ఒకసారి చూసింది. "సరిగ్గా విన్నావా అన్నా?" అంది.

"వినకుండానే చెబుతానా?"

అంతే, ఆమెకి అది చాలు. ఎవరికీ అవకాశం ఇవ్వకుండా తనే ఇస్త్రీ బల్ల పక్కకి లాగింది, బట్టల మూటలు లోపలి గదిలో పడేసింది. "తవ్వండి. మా అన్న చెప్పాడంటే ఉన్నట్టే. నా పలకలు పోతే పోయాయి, వీధికి నీళ్లొస్తే చాలు" అంది. గడ్డపార మొదటి పోటు పడ్డప్పుడు మాత్రం ముఖం అటు తిప్పుకుంది. అది పాముచెవులాయన చూశాడు. ఆ చూసినదాన్ని ఆ తర్వాత కళ్ల ముందునుంచి తీసేయడం ఆయన వల్ల కాలేదు.

నడుం లోతు తవ్వారు. మట్టి పొడి పొడిగా లేచింది. పైపు బయటపడింది, ఎండుటాకులా ఉంది. దాని మీద తుప్పు పట్టిన క్లాంపు ఒకటి కనిపించింది.

అసలు కొంప అక్కడ మునిగింది. పాముచెవులాయన చెవి తప్పు చెప్పదు. కాబట్టి ఇక్కడ నీళ్లు పోయిన మాట నిజం. ఇప్పుడు పోవడం లేదంటే ఎవరో మూసేశారు. ఇదిగో క్లాంపు! ఇంకేం కావాలి? టైలరు టేపు లాగుతూ, "ఏమ్మా, మేమంతా గుక్కెడు నీళ్లకి ఏడుస్తుంటే నువ్వు గదిలో పైపుకి చిల్లు పెట్టుకున్నావా? తవ్వుతారని తెలిసి మూసేశావా?" అన్నాడు. "అదే మరి, ఈమె బట్టల మీద చల్లడానికి మాత్రం నీళ్లు ఎప్పుడూ ఉంటాయి" అని వెనకనుంచి ఇంకొకామె అందుకుంది. జనం చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు.

ఇస్త్రీ ఆమెకి మొదట అర్థం కాలేదు. అయ్యాక నవ్వేసింది, పిచ్చిది. "అయ్యో, ఇది మా అన్న వేసిన క్లాంపే కదండీ! గోడ పడిపోతున్నప్పుడు వేశాడు. అప్పటికి ఈ గదే లేదు. నువ్వు చెప్పన్నా."

అందరూ పాముచెవులాయన వైపు తిరిగారు. ఆమె పెదాలు ఆయనకు స్పష్టంగా కనిపించాయి. పట్టు దొరకలేదనడానికి లేదు. చెప్పాల్సిందల్లా "అవును, నేనే వేశాను" అని ఒక్క మాట. ఆ మాట చెబితే, మరి లోపల ఏం విన్నావయ్యా అని అడుగుతారు. ఆ ప్రశ్న దగ్గర ఆయన నాలుక మడత పడింది.

"ఇన్నేళ్లలో ఎన్ని వేశానో" అని నీళ్లు నమిలాడు. "ఇదో కాదో... గుర్తు లేదు."

ఆమె నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు. ఆ పూటే ఆమె కుళాయి కోసేయాలని సంఘం తీర్మానించింది. కోయడం ఎవరి పని? నీళ్లు వదిలే మనిషి పనే. ఆయనే కోశాడు. వంగి మరలు బిగించినంతసేపూ ఆమె కాళ్లు ఆయన కళ్ల ముందే ఉన్నాయి, కదల్లేదు.

ఇంటికొస్తే భార్య ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయనకు కనిపించేలా ఒక్కో మాట విడివిడిగా పలికింది. "నీ చెవుడు దాచుకోడానికి ఆ పిల్లని దొంగని చేశావు. ఇన్నాళ్లూ నీకు చెవులై తిరిగాను చూడు, నన్ననాలి. నాకూ సిగ్గులేదు, నీకూ సిగ్గులేదు."

"ఏం చేయమంటావే? పని పోతుంది."

"పోనీ! పరువు పోయాక పనెందుకు?" అని ఆమె బిందె తీసుకుని బయటికి పోయింది. తమ వంతు నీళ్లలో సగం ఇస్త్రీ ఆమె ఇంటికి మోసుకెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఒక చొక్కా ఉంది. గొడవకు ముందు ఇస్త్రీకి వేసినదే. మడత నలగలేదు.

"ఇచ్చి పంపింది. 'అన్నకి రేపటికి కావాలేమో' అంది. తాగడానికి నేనిచ్చిన నీళ్లే దీని మీద చిలకరించింది" అని భార్య దాన్ని మేకుకి తగిలించింది. పాముచెవులాయన దాన్ని ముట్టుకోలేదు. నలిగిన చొక్కాతోనే పనికెళ్లాడు. ఆ తర్వాత రోజూ అంతే.

ఇస్త్రీ ఆమెకి బట్టలు రావడం ఆగిపోయింది. దొంగ నీళ్లు చల్లిన బట్టలు మాకొద్దన్నారు. కుళాయి లేదు కాబట్టి పెద్ద రోడ్డు దాటి, లారీ ట్యాంకరు ఆగే చోటికి బిందె మోసుకుంటూ వెళ్లేది. ఆమె వస్తుంటే పాముచెవులాయన పక్క సందులోకి తప్పుకునేవాడు. కాలనీలో సందులన్నీ తెలిసినవాడు కాబట్టి దాక్కోడానికి చోటుకి కరువు లేదు. ట్యాంకులో నీళ్లు మాత్రం పోతూనే ఉన్నాయి. చిల్లులు రెండున్నాయేమో అనుకున్నారు జనం. ఒకటి దొరికింది, ఇంకోటి దొరకాలి అనుకున్నారు. పాముచెవులాయన మీద అనుమానం మాత్రం ఎవరికీ రాలేదు. అదే ఆయన్ని కోసేసింది. ఒక్కడన్నా తిడితే బాగుండును.

ఒక మధ్యాహ్నం ఆమే మోటారు గదికి వచ్చింది. తప్పుకోడానికి సందు లేదు. మోటారు నడుస్తోంది. ఆమె గడప దగ్గర నిలబడి, మోటారు చప్పుడుకి గొంతు పెంచి మాట్లాడింది. ఆయన పెదాలు చూశాడు.

"అన్నా, నీ మీద కోపంతో రాలేదు. ఎన్నో పైపులు బాగుచేసినవాడివి, మరిచిపోయుంటావు. నీ చెవి మీద నాకు నమ్మకం ఉంది. ఒక్కసారి వచ్చి మళ్లీ విను. అందరి ముందూ విను. ఇక్కడ ఏమీ లేదు, ఎప్పుడూ లేదు అని నువ్వు చెబితే చాలు, కాలనీ నమ్ముతుంది. నేను తలెత్తుకు తిరుగుతాను."

ఆయన తల వంచుకున్నాడు. అప్పుడే కరెంటు పోయింది. కాళ్ల కింద మోటారు అదురు ఆగిపోవడం వల్ల ఆయనకు తెలిసింది.

ఆమె ఇంకేదో అనబోయి ఆగింది. మెడ పక్కకి వంచింది. గదిలో అటూ ఇటూ చూసింది. "ఇదేంటన్నా, నీళ్లు పారుతున్నాయి?"

"ఏం నీళ్లు? కరెంటు పోయింది, మోటారు ఆగింది కదా."

"మోటారు కాదు. ఇక్కడ, నీ కుర్చీ కింద. నేల కింద. ధారగా పోతోంది." ఆమె మోకాళ్ల మీద కూర్చుని సిమెంటు నేలకి చెవి ఆనించింది, లేచింది. "ఇంత గట్టిగా పోతుంటే... నీకు వినపడట్లేదా?"

ఆయన ముఖం చూస్తే చాలు, పలకాల్సిన పని లేదు. ట్యాంకు అడుగు పైపు ఆ గది కిందనుంచే దిగుతుంది. దాని కింద ఎప్పుడో పైన కప్పి వదిలేసిన పాత గొయ్యి ఉంది. కాలనీ నీళ్లన్నీ ఆయన కుర్చీ కిందనుంచే ఆ గోతిలోకి పోతున్నాయి. మోటారు నడిస్తే ఎవరికీ వినపడదు, మోటారు ఆగితే ఆ గదిలో ఉండేది ఆయనొక్కడే.

ఆమె చాలాసేపు ఆయన్ని చూసింది. ఇన్నేళ్లలో పలకని పిలుపులు, ఆలస్యంగా వచ్చిన నవ్వులు, "అంటే?" అన్న మాటలు, అన్నీ ఆమె ముఖంలో ఒకదాని వెనక ఒకటి కదిలాయి. తర్వాత మెల్లగా, పెదాలు బాగా కనిపించేలా అడిగింది. "అయితే ఆ రోజు మా ఇంట్లో ఏం విన్నావన్నా?"

తల కొట్టేసినట్టయింది ఆయనకు. ఆమె జవాబు కోసం ఆగలేదు. గడప దాటి వెళ్లిపోయింది.

ఆయన నేరుగా టైలరు దగ్గరికి వెళ్లి, మోటారు గది తవ్వాలన్నాడు. ఎలా తెలిసిందని టైలరు అడగలేదు. ఆయన్ని ఎవరు అడుగుతారు? జనం పరుగున వచ్చారు. సిమెంటు పగలగొట్టి కొంచెం తవ్వగానే పగిలిన పైపు, పాత గోతిలోకి దూకుతున్న ధార కనిపించాయి. ఆడవాళ్లు కేకలు పెట్టారు. బేకరీ ఆయన వచ్చి పాముచెవులాయన్ని ఎత్తినంత పని చేశాడు. "అదీ చెవులంటే! మోటారు హోరులో కూర్చుని నేల కింద చప్పుడు పట్టేశాడు చూడండి!" ఈ కథ ఎంతెత్తు లేస్తుందో బేకరీ ఆయన ముఖంలో అప్పుడే తెలిసిపోతోంది.

పాముచెవులాయన నోరు తెరవలేదు. చెబుదాం, చెబుదాం అనుకుంటూనే మరో క్షణం పొగిడించుకున్నాడు. ఆ క్షణం కూడా రాసుకోవాలి ఆయన ఖాతాలో.

అప్పుడు టైలరు చెయ్యెత్తి జనంతో అన్నది ఆయన కంట పడింది. "చూశారా? ఈ చెవి ఎప్పుడైనా తప్పు చెప్పిందా? మరి ఆ ఇస్త్రీ ఆమె ఏమీ ఎరగనట్టు ఎన్ని కబుర్లు చెప్పింది! ఇప్పటికైనా ఒప్పుకుంటే మంచిది."

పాముచెవులాయనకు అప్పుడు అర్థమైంది. తన చెవి గెలిచిన ప్రతిసారీ ఆమె దొంగ అవుతుంది. రేపు ఇంకో చిల్లు దొరికితే ఇంకొంచెం దొంగ అవుతుంది. జనం వెనక, ఖాళీ బిందె నడుముకి ఆనించుకుని ఇస్త్రీ ఆమె నిలబడి ఉంది. ఆయన భార్య కాక అసలు సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఒక్క మాట అంటే చాలు. అనలేదు. పక్కనే ఆయన భార్య, ఆమె కూడా నోరు విప్పలేదు. ఇద్దరూ ఆయన్నే చూస్తున్నారు.

"ఆ క్లాంపు నేను వేసిందే" అన్నాడు ఆయన. ఎంత గట్టిగా అన్నాడో ఆయనకు తెలియదు గానీ అందరూ ఉలిక్కిపడి తిరిగారు. "గుర్తుండే లేదన్నాను. ఆమె ఇంట్లో నేను ఏమీ వినలేదు. ఈ చిల్లు కనిపెట్టింది కూడా నేను కాదు, ఆమే. నాకు వినపడదు. చాలా ఏళ్లయింది వినపడక."

జనం నవ్వారు. బేకరీ ఆయన అయితే పొట్ట పట్టుకున్నాడు. "పెద్దాయన భలే వేళాకోళాలాడతాడే! ఆడమనిషి ఏడుస్తుందని జాలిపడి మీదేసుకుంటున్నాడు" అన్నాడు. మంచితనం కూడా ఆయన ఖాతాలోనే పడబోతోంది. అది కూడా భరించడం ఇక ఆయన వల్ల కాలేదు.

కడ్డీ కింద పడేశాడు. జనానికి వీపు పెట్టి, ట్యాంకు స్తంభం వైపు ముఖం తిప్పి నిలబడ్డాడు. "పిలవండి" అన్నాడు. "ఎవరైనా పిలవండి. నేను పలికితే నేను చెప్పిందంతా అబద్ధం."

ఎదురుగా పెచ్చులూడిన సిమెంటు. చెవుల్లో ఈల. ఇన్నేళ్లుగా పెదాలు చూసి బతికినవాడికి ఇప్పుడు చూడ్డానికి ఏమీ లేదు. పిలుస్తున్నారో లేదో, నవ్వుతున్నారో వెళ్లిపోయారో తెలియకుండా అలా నిలబడ్డాడు. మెడ తిప్పాలనిపించింది, తిప్పలేదు. మెడ మీద చెమట వీపులోకి దిగింది.

చివరికి ఒక చెయ్యి భుజం మీద పడి ఆయన్ని ఇటు తిప్పింది. భార్య చెయ్యి. జనంలో ఒక్కరూ నవ్వడం లేదు. బేకరీ ఆయన కుక్క గొలుసు వంక చూస్తున్నాడు. టైలరు టేపు రెండు చేతులా పట్టుకుని, లాగకుండా ఊరికే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ ఆమె అక్కడ లేదు.

ఆ సాయంత్రమే ఆమె కుళాయి మళ్లీ కలపాలని టైలరు చెప్పి పంపాడు. ఆమె గుమ్మం దాకా వెళ్లి చేతులు జోడించి క్షమించమని అడిగి కూడా వచ్చాడట. పాముచెవులాయన ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి భార్యని అడిగాడు.

"ఆమె పిలిచిందా?"

"పిలిచింది. అందరూ నోళ్లు వెళ్లబెట్టుకుని చూస్తుంటే ముందు ఆమే పిలిచింది. ఆ తర్వాతే మిగతావాళ్లు అరిచారు."

"అన్నా అనేనా?"

భార్య అటు తిరిగి మాట్లాడి ఉంటే ఆయనకు తెలిసేది కాదు. ఏదో ఒకటి చెప్పినా నమ్మేవాడు. ఆమె దగ్గరికొచ్చి, ఎదురుగా కూర్చుని, ఆయనకు బాగా కనిపించేలా చెప్పింది.

"కాదు. 'ఓ నీళ్లాయనా' అంది."

ఆయన కాసేపు ఆ పెదాల వంకే చూశాడు, ఇంకేమైనా చెబుతుందేమోనని. తర్వాత లేచి మేకుకున్న చొక్కా జోలికి పోకుండా నలిగిన చొక్కానే తొడుక్కున్నాడు. ఆమె ఇంట్లో గొయ్యి ఇంకా తెరిచే ఉంది, వెళ్లి పూడ్చాలి.